పరీక్షగదికి దొరకని మతిమరుపు

పదిహేను మాటలు ఒకదాని తర్వాత ఒకటి చదివి వినిపిస్తారు. ఎన్ని గుర్తుంటే అన్ని, ఏ వరసలోనైనా చెప్పాలి. మళ్లీ అవే మాటలు వినిపిస్తారు, మళ్లీ చెప్పమంటారు. ఇలా అయిదుసార్లు. ఆ తర్వాత కాసేపు వేరే పనిలో పెట్టి, ఉన్నట్టుండి ‘ఇందాకటి మాటలు ఇప్పుడు చెప్పండి’ అంటారు. మనిషి జ్ఞాపకాన్ని కొలవడానికి మనస్తత్వ శాస్త్రవేత్తలు వాడే పాత పరీక్షల్లో ఇదొకటి. మంచి పరీక్షే. కాకపోతే అది జరిగే గదిలో ఫోను మోగదు, పాలు పొంగవు, పెద్దపిల్లాడు వచ్చి కొంగు లాగడు. గర్భిణుల మతిమరుపు గురించి మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం ఇలాంటి గదుల్లో పోగైనదే.

కడుపుతో ఉన్న ఆడవాళ్లను అడిగి చూడండి, మతిమరుపు పెరిగిందని ఎక్కువమంది చెబుతారు. పొయ్యి కట్టేశానో లేదో తెలియదంటారు. వంటింట్లోకి ఎందుకొచ్చానో గుర్తురాదంటారు. ఆఫీసులో రాసిన మెయిలే మళ్లీ రాశానంటారు. మన ఇళ్లలో దీన్ని ఎవరూ జబ్బుగా చూడరు. ‘ఒట్టి మనిషి కాదు కదా, పరధ్యానం మామూలే’ అని నవ్వేస్తారు. ఇంగ్లిషు పత్రికలు దీనికో ముద్దుపేరు పెట్టి హాస్యశీర్షికల్లో వాడుకున్నాయి. శాస్త్రవేత్తలు మాత్రం కొన్ని దశాబ్దాలుగా దీనిమీద వాదించుకుంటూనే ఉన్నారు. ఒక అధ్యయనం ఉందంటుంది, పక్కది లేదంటుంది.

2007లో ఆస్ట్రేలియా పరిశోధకులు జూలీ హెన్రీ, పీటర్ రెండెల్ అప్పటికి వచ్చిన 14 అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. చూసినదాన్ని గుర్తుపట్టడం లాంటి తేలిక పనుల్లో తేడా కనబడలేదు. మనసుపెట్టి గుర్తుతెచ్చుకోవలసిన కష్టమైన పనుల్లో మాత్రం గర్భిణులు కాస్త వెనకబడ్డారు. 2018లో డీకిన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకా పెద్ద లెక్క తీశారు: 20 అధ్యయనాలు, 709 మంది గర్భిణులు, గర్భం లేని 521 మంది స్త్రీలు. జ్ఞాపకశక్తిలోనూ, పనుల్ని ఒక వరసలో పెట్టుకుని నడిపించే శక్తిలోనూ తగ్గుదల ఉంది, అది చివరి మూడు నెలల్లో స్పష్టంగా కనబడుతుంది అని తేల్చారు. అయితే అంత తగ్గినా ఆ మార్కులు మామూలు మనుషుల పరిధిలోనే ఉన్నాయి. ఆ మనిషికీ, ఇంట్లోవాళ్లకీ తెలియవచ్చునేమోగానీ పై అధికారికి తెలిసేంత తేడా కాదు.

ఈ అధ్యయనాల్లో చాలావాటికి ఒక లోపముంది. గర్భిణిని గర్భిణి కాని వేరే మనిషితో పోలుస్తారు. అదే మనిషి గర్భానికి ముందు ఎలా ఉండేదో వాళ్లకు తెలియదు. ఈ లోటును పూడ్చింది కాన్‌బెరాలో జరిగిన ఒక సుదీర్ఘ అధ్యయనం. ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ల వయసు అమ్మాయిలను ముందే పరీక్షించి, నాలుగేళ్లకోసారి మళ్లీ పరీక్షిస్తూ వచ్చారు. ఈలోగా కొందరు గర్భవతులయ్యారు, కొందరు తల్లులయ్యారు. 2010లో హెలెన్ క్రిస్టెన్‌సెన్ బృందం ఆ ఫలితాలు ప్రచురించింది. గర్భం వల్లగానీ, తల్లి కావడం వల్లగానీ తెలివితేటలు తగ్గిన జాడ లేదన్నది వాళ్లు చెప్పిన మాట. ‘ఇదంతా అపోహే’ అని పత్రికలు సంబరపడ్డాయి.

అంత తొందర అక్కరలేదు. మరుసటి ఏడాదే కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన కారీ కట్లర్ బృందం ఒక తెలివైన పని చేసింది. గర్భిణులకు గదిలో పరీక్ష పెట్టడమే కాక, ఇంటికెళ్లాక గుర్తుపెట్టుకుని చేయాల్సిన పని కూడా ఒకటి అప్పజెప్పింది. గదిలో గర్భిణులు ఎవరికీ తీసిపోలేదు. ఇంటికి వెళ్లాక చేయాల్సిన పని దగ్గరే తేడా వచ్చింది. అంటే ఆడవాళ్లు చెబుతున్నదీ నిజమే, పరీక్ష చెబుతున్నదీ నిజమే. కొలిచిన చోటు వేరు.

జ్ఞాపకం అని మనం ఒకే మాటతో చెప్పేది నిజానికి చాలా పనుల కూడిక. నిన్న జరిగింది గుర్తుండటం ఒకటి, సాయంత్రం చేయాల్సింది సాయంత్రమే గుర్తుకు రావడం మరొకటి. రెండోది ఎక్కువ కష్టం. అక్కడ గుర్తుచేసేవాళ్లు ఎవరూ ఉండరు, వేరే పనిలో మునిగి ఉండగా మెదడు తనంతట తనే మేల్కొనాలి. వీటన్నిటికీ ముందు నిలబడేది ధ్యాస. తాళంచెవి ఎక్కడ పెట్టామో గుర్తులేదంటే చాలాసార్లు మరిచిపోయామని కాదు, పెడుతున్నప్పుడు మనం చూడనేలేదని. చూడనిది జ్ఞాపకంలోకి వెళ్లదు, వెళ్లనిది తిరిగి రాదు. గర్భిణి ధ్యాసను లాగేసేవి ఎన్నో ఉంటాయి. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేవాలి. ఏ పక్కకు తిరిగి పడుకున్నా నిద్ర పట్టదు. వేవిళ్లు, నడుంనొప్పి, డబ్బులెలాగన్న చింత, పుట్టబోయే బిడ్డ మీద బెంగ. మన దేశంలో వీటికి రక్తహీనత తోడవుతుంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భిణుల్లో నూటికి 52 మందికి రక్తహీనత ఉంది. ఐరన్ తక్కువైనా, థైరాయిడ్ మందగించినా మనసు చురుకు తగ్గుతుంది. రెండింటికీ మందుంది. కాబట్టి మతిమరుపు మరీ ఎక్కువగా ఉందని గర్భిణి చెప్పినప్పుడు నవ్వి ఊరుకోకుండా ఆ రెండు రక్తపరీక్షలూ సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం మేలు.

హార్మోన్ల పాత్ర కూడా ఉంది. నెలలు నిండేసరికి ప్రొజెస్టరాన్ మామూలుకన్నా ఎన్నోరెట్లు పెరుగుతుంది. శరీరంలో దాన్నుంచి తయారయ్యే ఒక పదార్థం మెదడు మీద మత్తుమందుల తీరులో పనిచేస్తుంది. ఆ మగత ఊహించుకున్నది కాదు. ఇక మెదడు ఆకారమే మారుతుందని 2016 చివర్లో బార్సిలోనా పరిశోధకులు చూపించారు. ఎల్సెలీన్ హూక్జెమా, సుసానా కార్మోనా తదితరులు తొలిచూలు ఆడవాళ్లు 25 మందికి గర్భానికి ముందూ, కాన్పు తర్వాతా ఎమ్మారై తీశారు. ఎదుటివాళ్ల మనసు అర్థంచేసుకునే పనిలో పాలుపంచుకునే భాగాల్లో బూడిదరంగు పదార్థం తగ్గింది. రెండేళ్లయినా ఆ మార్పు చాలావరకు అలాగే ఉంది. చిత్రాలు చూసి ఏ స్త్రీ గర్భం ధరించిందో, ఎవరు ధరించలేదో కంప్యూటరు పొల్లుపోకుండా చెప్పగలిగింది. ‘మెదడు తగ్గింది’ అనగానే ఇదే మతిమరుపుకు కారణమని అనుకోవడం సులువు. కానీ అదే స్త్రీలకు జ్ఞాపకశక్తి పరీక్షలు పెడితే ఏమీ తగ్గలేదు. పైగా మార్పు ఎక్కువగా ఉన్న తల్లుల్లో బిడ్డమీద మమకారం ఎక్కువగా కనబడింది. కౌమారంలోనూ మెదడులో ఇలాంటి తగ్గుదలే జరుగుతుంది. దాన్ని ఎవరూ నష్టమనరు, ఎదగడం అంటారు.

ఇంతవరకూ చెప్పుకున్నది ఆరోగ్యంగా సాగే గర్భం గురించి. ఇందులో భయపడాల్సిందేమీ లేదు. నన్ను ఇబ్బందిపెట్టేది వేరే సంగతి. ‘పరధ్యానం మామూలే’ అన్న ఆ మాటే, రక్తపోటు పెరిగిన గర్భిణి విషయంలో ప్రమాదకరమవుతుంది. తలనొప్పిగా ఉందని, కళ్లముందు మెరుపులు కనబడుతున్నాయని, మాట తడబడుతోందని ఒకామె చెప్పినప్పుడు కూడా ఇంట్లోవాళ్లు అదే మాట అంటే కాలం చేజారుతుంది.

గర్భం 20 వారాలు దాటాక కొత్తగా రక్తపోటు 140/90కి చేరి, నాలుగు గంటల ఎడంతో మళ్లీ చూసినా అలాగే ఉండి, మూత్రంలో ప్రొటీన్ పోవడమో, కాలేయం, మూత్రపిండాలు, రక్తఫలకికలు, మెదడు వంటి చోట్ల ఇబ్బంది కనబడటమో జరిగితే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. ప్రపంచం మొత్తం మీద నూరు గర్భాల్లో రెండు నుంచి ఎనిమిదింటిలో వస్తుంది. దానికి మూర్ఛ తోడైతే ఎక్లాంప్సియా. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేది దీన్నే. తొలికాన్పు, కవలలు, ముందునుంచీ బీపీ, షుగరు, మూత్రపిండాల జబ్బు, వెనకటి కాన్పులో ఇదే సమస్య ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ.

జబ్బు మొదలయ్యేది గుండెలో కాదు, మాయలో. గర్భం కుదురుకునే తొలి నెలల్లో మాయ కణాలు గర్భాశయంలోని మెలికల ధమనుల్లోకి చొచ్చుకుపోయి వాటి గోడల్ని వదులు చేస్తాయి. పిల్లకాలువను తవ్వి పంటకాలువ చేసినట్టు అన్నమాట. అప్పుడే బిడ్డకు చాలినంత రక్తం తీరుబడిగా పారుతుంది. ప్రీఎక్లాంప్సియా వచ్చే గర్భాల్లో చాలాచోట్ల ఈ తవ్వకం సగంలో ఆగిపోతుంది. రక్తం చాలని మాయ కొన్ని పదార్థాలను తల్లి రక్తంలోకి వదులుతుంది. వాటిలో ముఖ్యమైనదాన్ని 2003లో బోస్టన్‌లో పట్టుకున్నది మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుకున్న మూత్రపిండాల వైద్యుడు అనంత్ కరుమంచి బృందం. ఆ ప్రొటీన్ పేరు ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1. రక్తనాళాల లోపలి పొరను ఆరోగ్యంగా ఉంచే సంకేతాలను ఇది దారిలోనే పట్టి మింగేస్తుంది. దీన్ని ఎలకల్లోకి ఎక్కిస్తే వాటికి బీపీ పెరిగింది, మూత్రంలో ప్రొటీన్ పోయింది. అచ్చంగా ఆ జబ్బే.

లోపలి పొర దెబ్బతింటే ఒళ్లంతా నాళాలు బిగుసుకుంటాయి, కారుతాయి. పాదాల వాపు అందరికీ కనబడుతుంది. మెదడులో జరిగేది కనబడదు. ఆరోగ్యవంతుల మెదడు తన రక్తప్రవాహాన్ని తనే సర్దుకుంటుంది. ఒంట్లో పోటు పెరిగితే మెదడు నాళాలు ముడుచుకుని, తగ్గితే విప్పారి, లోపలికి చేరే రక్తాన్ని నిలకడగా ఉంచుతాయి. ప్రీఎక్లాంప్సియాలో ఆ సర్దుబాటు సడలుతుంది. రక్తానికీ మెదడుకూ మధ్యనున్న కట్టుదిట్టమైన అడ్డుగోడ నుంచి నీరు ఊరుతుంది. ఎక్కువగా ఊరేది మెదడు వెనక భాగంలో. చూపు వ్యవహారం చూసేది అక్కడే. కళ్లముందు మెరుపులూ, చుక్కలూ, మసక, ఒక్కోసారి తాత్కాలికంగా చూపు పూర్తిగా పోవడం, అన్నీ అందువల్లే. 1996లో జూడీ హించీ, ఆమె సహచరులు ఈ చిత్రాన్ని మొదటిసారి ఒక జబ్బుగా వర్ణించారు. వాళ్లు చూసిన రోగుల్లో ఎక్లాంప్సియా వచ్చినవాళ్లూ ఉన్నారు. వైద్యం సకాలంలో అందితే మెదడులోని ఈ వాపు చాలావరకు తగ్గిపోతుంది. మరో సంగతి: మూర్ఛ రావడానికి బీపీ ఆకాశాన్ని అంటనక్కర్లేదు. ఓ మాదిరి పోటుకే మూర్ఛపోయినవాళ్లున్నారు. 160/110 దాటితే మాత్రం అది నిమిషాల లెక్కన చూడవలసిన అత్యవసరం.

మూర్ఛకు ముందు కొందరిలో ధ్యాస చెదరడం కనబడుతుంది. అడిగినదానికి పొంతనలేని జవాబు, చెప్పిందే చెప్పడం, చిరాకు, మత్తు. మామూలు మరుపుకూ దీనికీ తేడా తెలుసుకోవడం ఏమంత కష్టం కాదు. మామూలు మరుపు నెలల తరబడి ఒకే తీరులో ఉంటుంది, గుర్తుచేస్తే ‘అవును కదా’ అంటుంది ఆ మనిషి. ఈ రెండోది గంటల్లో, రోజుల్లో వస్తుంది. తలనొప్పి, చూపుమసక, డొక్కల కింద నొప్పి, మొహంవాపు దానికి తోడుంటాయి. గుర్తుచేసినా ఆమెకు అందదు. అప్పుడు చేయాల్సింది బీపీ చూడటం, 108కి ఫోను చేయడం.

మూర్ఛ వచ్చిన తర్వాత మరో విచిత్రం జరుగుతుంది. ఆమెకు ఆ మూర్ఛ గుర్తుండదు. కొందరికి దానికి ముందు గంటలు, తర్వాతి రోజు కూడా చెరిగిపోతాయి. ఆ గంటల్లోనే బిడ్డ పుట్టి ఉండొచ్చు. కళ్లు తెరిచేసరికి పక్కన ఉయ్యాల, లేదా బిడ్డ వేరే ఆసుపత్రి ఐసీయూలో. తన కాన్పు గురించి ఆమె జీవితాంతం చెప్పేది ఇతరులు చెప్పగా విన్నదే. జ్ఞాపకశక్తి పరీక్షల్లో దీనికి మార్కుల గడి లేదు.

మూర్ఛను ఆపే మందు చవకైనది, పాతది: మెగ్నీషియం సల్ఫేట్. 2002లో వెలువడిన మాగ్‌పై పరీక్షలో 33 దేశాల నుంచి పదివేల మందికి పైగా గర్భిణులు పాల్గొన్నారు. ఈ మందు తీసుకున్నవాళ్లలో మూర్ఛలు సగానికన్నా తక్కువయ్యాయి. ముప్పు ఎక్కువున్నవాళ్లకు తొలి నెలల్లోనే డాక్టర్లు తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. 2017 నాటి ఒక పెద్ద పరీక్షలో 37 వారాలలోపు కాన్పు చేయాల్సివచ్చే ప్రీఎక్లాంప్సియా దానితో 62 శాతం తగ్గింది. సొంతంగా వేసుకునే మందు మాత్రం కాదది.

ఇక్కడ మన ఆనవాయితీ ఒకటి అడ్డొస్తుంది. తొలికాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళుతుంది. సీమంతం అయ్యాక ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో ప్రయాణం. సరిగ్గా ఈ జబ్బు బయటపడే కాలం అదే. అప్పటిదాకా చూసిన డాక్టరు ఒక ఊళ్లో, కాన్పు చేయబోయే డాక్టరు మరో ఊళ్లో. అయిదో నెలలో ఆమె బీపీ 100/60 ఉండేదని కొత్త డాక్టరుకు తెలియకపోతే ఇప్పటి 136/86 ‘పరవాలేదు’ అనిపిస్తుంది. చీరసారెలతో పాటు సంచిలో మాతాశిశు సంరక్షణ కార్డు కూడా పెట్టుకోవాలి. బెంగుళూరు నుంచో డాలస్ నుంచో పురిటికి వచ్చే అమ్మాయిలైతే అప్పటిదాకా పోగైన అన్ని కాగితాలూ తెచ్చుకోవాలి. కాన్పయితే గండం గడిచినట్టు కాదు కూడా. ప్రసవం తర్వాత కొద్దిరోజుల్లో బీపీ మళ్లీ పెరగవచ్చు, మూర్ఛ కూడా రావచ్చు. బాలింతకు తలనొప్పి వస్తే చెవుల్లో దూది పెట్టి తలకు గుడ్డ కట్టి ‘చలిగాలి తగిలింది’ అంటారు. గుడ్డ కట్టనివ్వండి, ముందు బీపీ మాత్రం చూపించండి.

తర్వాతి ఏళ్ల సంగతికి వద్దాం. ఈ విషయంలో ఎక్కువ పని చేసింది నెదర్లాండ్స్ వాళ్లు. గ్రోనింగెన్‌లో హెర్డా జేమన్ బృందం ఎక్లాంప్సియా వచ్చిన స్త్రీలను ఏళ్ల తర్వాత పిలిచి మాట్లాడింది. మతి నిలవడం లేదని, పని మధ్యలో ధ్యాస తప్పుతోందని వాళ్లు ఇతరులకన్నా ఎక్కువగా చెప్పారు. ఎమ్మారైలో మెదడు తెల్లపదార్థంలో చిన్న మచ్చలు కూడా వాళ్లకు ఎక్కువే. 2014లో ఇనేకె పోస్ట్మా ప్రచురించిన పరిశోధనలో మాత్రం కథ అడ్డం తిరిగింది. కాన్పయి సగటున ఏడేళ్లయిన స్త్రీలను గదిలో కూర్చోబెట్టి రకరకాల పరీక్షలు పెడితే మార్కుల్లో తేడా లేదు. ఫిర్యాదులు మాత్రం ఎక్కువే. దిగులు, ఆందోళన కూడా ఎక్కువే.

‘మరైతే వాళ్ల భ్రమే’ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. చావు అంచుదాకా వెళ్లొచ్చి, నెలలు నిండని బిడ్డను ఇంక్యుబేటర్లో చూసుకున్న మనిషికి దిగులుంటే అది కొలతలో కలిసిపోయే మురికి కాదు, జబ్బులో భాగమే. నిశ్శబ్దమైన గదిలో గంటసేపు బిగబట్టి మార్కులు తెచ్చుకోవడం వేరు, పిల్లలూ ఉద్యోగమూ మధ్య రోజంతా ధ్యాస నిలుపుకోవడం వేరు. కెనడా గర్భిణుల విషయంలో చూసిన ఎడమే ఇక్కడా కనబడుతోంది.

కాలం ఇంకా గడిస్తే పరీక్షగది కూడా ఒప్పుకోవడం మొదలుపెడుతుంది. రోటర్‌డామ్‌లో గర్భం నాటినుంచీ వెంబడించిన స్త్రీలను పదిహేనేళ్ల తర్వాత పరీక్షిస్తే, అప్పట్లో రక్తపోటు సమస్యలు వచ్చినవాళ్లు పదిహేను మాటల పరీక్షలో వెనకబడ్డారు. అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు 2017లో అరవైకి దగ్గరపడిన స్త్రీలను చూశారు. ప్రీఎక్లాంప్సియా వచ్చిన 40 మందిలో 8 మందికి, రాని 40 మందిలో 3 మందికి మరుపు జబ్బుకు ముందుమెట్టు లాంటి తగ్గుదల ఉంది. ఇంత చిన్న లెక్కలో అది కాకతాళీయం కూడా కావచ్చు. డెన్మార్క్ లెక్క చిన్నది కాదు. 2018లో వచ్చిన ఆ అధ్యయనంలో 11 లక్షల 78 వేల మంది తల్లులున్నారు. ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లలో మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చే డిమెన్షియా మూడురెట్లకు పైగా కనబడింది. బీపీ, షుగరు, గుండెజబ్బు, పక్షవాతం లెక్కలోకి తీసుకున్నాక సంబంధం కొంత తగ్గిందిగానీ పోలేదు. ఇది చదివి ఎవరూ బెంబేలెత్తనక్కర్లేదు. అరుదైనది మూడింతలైనా అరుదే. అయితే ఆ గర్భం ఒంట్లోని నాళాల బలహీనతను బయటపెట్టిందా, లేక తనే గాయం చేసి వెళ్లిందా అన్నది ఇంకా తేలని వాదన. ఏదైనా వైద్యం ఒకటే: కాన్పయిన ఆరువారాలకు బీపీ చూపించుకోవాలి, ఆ తర్వాత ఏడాదికోసారి జీవితాంతం. గర్భంలో వచ్చిన ప్రీఎక్లాంప్సియాను భవిష్యత్తు గుండెజబ్బుకు సూచనగా లెక్కించాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2011లోనే తన మార్గదర్శకాల్లో చేర్చింది.

మన దగ్గర మెమరీ క్లినిక్‌లు వచ్చాయి. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం తెలుగువాళ్లకు తగిన పరీక్షలు తయారుచేసింది. 648 మంది డిమెన్షియా రోగులను చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో ఆ జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చిందని 2013లో ప్రపంచానికి చెప్పింది కూడా ఆ బృందమే. అలాంటి క్లినిక్‌కు మతిమరుపుతో వచ్చిన అరవైయేళ్ల స్త్రీని బీపీ, షుగరు, పక్షవాతం, తలకు దెబ్బల గురించి అడుగుతారు. కాన్పుల్లో బీపీ వచ్చిందా, ఫిట్స్ వచ్చాయా అని కూడా అడగాలి. వెంట కొడుకు వచ్చి ఉంటే అతనికి తెలియదు. ఫిట్స్ వచ్చివుంటే ఆమెకే గుర్తుండకపోవచ్చు. అప్పట్లో పురిటిమంచం దగ్గర ఉన్న అక్కనో, పిన్నినో, ఆడపడుచునో ఫోనులోనైనా సరే అడిగి కాగితం మీద రాసుకోవాలి.